మాటు కుదిరిందనే అనుకున్నాను, బాతులు మాత్రం దిగడం లేదు

రెల్లుదుబ్బు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నీటి పక్షులను దగ్గర నుంచి ఫొటోలు తీయాలన్న కోరికతో రెండు నెలల కిందట సొంతంగా ఒక మాటు, అంటే పక్షులకు కనిపించకుండా లోపల దాక్కుని కూర్చునే చిన్న గుడారం లాంటిది, కట్టుకున్నాను. అది పని చేయడం లేదు. తప్పు ఎక్కడుందో అనుభవజ్ఞులు చెబుతారన్న ఆశతో కొలతలతో సహా ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను.

చట్రాన్ని వెదురు బొంగులతో కట్టాను. పొడవు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు, ఎత్తు నాలుగున్నర అడుగులు. కీళ్ల దగ్గర పురికొస చుట్టి, దాని మీద బైండింగ్ వైరు బిగించాను. నాలుగు పక్కలా పచ్చరంగు షేడ్ నెట్ రెండు పొరలుగా వేసి, పైన ఆకుల బొమ్మలు అచ్చువేసిన కామోఫ్లాజ్ గుడ్డ చుట్టాను. గాలి ఆడకపోతే గంటల తరబడి లోపల కూర్చోలేమని పైభాగాన్ని తెరిచే ఉంచాను. ముందువైపు లెన్సు కోసం జానెడు వెడల్పున ఒక కంత, చూడటానికి దాని పక్కనే మరో చిన్న కంత పెట్టాను. జమ్ము పొదలు ఆగిపోయి ఖాళీ బురదనేల మొదలయ్యే చోట, నీటి అంచుకు పది అడుగుల దూరంలో మాటును నిలబెట్టాను. తెల్లవారక ముందే, చీకటి ఉండగానే లోపలికి చేరుకుంటాను కాబట్టి నేను వెళ్లడం పక్షులు చూసే అవకాశం లేదు.

జరుగుతున్నది మాత్రం ఇది. గుంపు వస్తుంది, ఒక చుట్టు తిరుగుతుంది, రెండో చుట్టులో ఎత్తు తగ్గించుకుంటుంది, రెక్కలు వంచి కాళ్లు చాపబోతున్నట్లే కనిపిస్తుంది. మూడో చుట్టులో సరిగ్గా నా మాటు మీదుగా వచ్చేసరికి ఏదో ఒక పక్షి అరుస్తుంది, అంతే, గుంపంతా ఒక్కసారిగా ఒరిగి పైకి లేచి, అవతలి ఒడ్డుకు పోయి అక్కడ హాయిగా దిగుతుంది. నాలుగు వారాల్లో ఏడుసార్లు వెళితే ఏడుసార్లూ ఇదే తంతు.

నా మిత్రుడొకరు గుడ్డదే లోపమని, జమ్ము బొమ్మలు అచ్చువేసిన మంచి రకం గుడ్డ కొనమని పట్టుబడుతున్నారు. నిజంగానే గుడ్డ మార్చాలా, లేక చోటు మార్చాలా? మరొక చిన్న సందేహం కూడా ఉంది. నేను కళ్లద్దాలు పెట్టుకుంటాను. వాటి మెరుపు పక్షులకు కనిపిస్తుందంటారా?

బురదకాళ్లు

రెల్లుదుబ్బు గారూ, మీకు కావలసిన జవాబు మీ ప్రశ్నలోనే ఉందండీ. నేను ఫొటోలు తీసేవాణ్ణి కాదు. వేటకు అనుమతి ఉన్న చోట, లైసెన్సుతో, చాలా ఏళ్లుగా బాతుల వేటకు వెళ్తున్నవాణ్ణి. అయితే బాతు దృష్టిలో తుపాకీ పట్టుకున్నవాడూ కెమెరా పట్టుకున్నవాడూ ఒక్కటే కాబట్టి మాటు విషయంలో మన ఇద్దరి కష్టమూ చాలావరకు ఒక్కటే.

గుంపు బెదిరింది ఎప్పుడు? మీ నెత్తిమీదికి వచ్చినప్పుడు. అంటే గోడలు వాటిని బెదరగొట్టలేదు, కప్పు లేకపోవడమే బెదరగొట్టింది. మనం మాటు కట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఎదురుగా నిలబడి చూసుకుని మురిసిపోతాం. బాతు ఎదురుగా నిలబడి చూడదు, పైనుంచి చూస్తుంది. మల్లార్డ్ వంటి బాతులకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల కదల్చకుండానే వాటికి చుట్టూ 360 డిగ్రీల మేరా కనిపిస్తుంది. రెండు కళ్లూ కలిసి చూసే భాగం ముందువైపు సన్నని పట్టీ మాత్రమే అయినా, ఆపదను పసిగట్టడానికి వాటికి ఒక కన్ను చాలు. పైగా గుంపులో ఇరవై పక్షులుంటే నలభై కళ్లు మీ మాటును తనిఖీ చేస్తున్నాయన్నమాట.

కప్పులేని మాటు పైనుంచి ఎలా కనిపిస్తుందో ఒకసారి ఊహించండి. చుట్టూ వెలిసిపోయిన గడ్డి రంగు, నడుమ నలుపలకల చీకటి గుంట, ఆ గుంటలో పైకెత్తి చూసే తెల్లటి ముఖం ఒకటి. ప్రకృతిలో నాలుగు మూలలూ సరిగ్గా తీర్చినట్లుండే నల్లటి దీర్ఘచతురస్రం ఎక్కడా ఉండదు. పైన వెదురు బద్దలను నాలుగేసి అంగుళాల ఎడంలో అడ్డంగా కట్టి, వాటి మీద జమ్మును పలచగా, ఒక తీరూ తెన్నూ లేకుండా పరచండి. లోపలి నుంచి చూస్తే సందుల్లోంచి ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపిస్తూ ఉండాలి. గాలి ఆడుతుంది, గుంటా మాయమవుతుంది.

రెండోది నీడ. మీ మాటు నాలుగున్నర అడుగుల ఎత్తని రాశారు. పొద్దు పొడిచిన కాసేపటికి, సూర్యుడు దిగంతానికి 10 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు, అంత ఎత్తు గోడకు దాదాపు 25 అడుగుల నీడ పడుతుంది. గోడకు ఎంత మంచి గుడ్డ చుట్టినా, నున్నటి బురద మీద పాతికడుగుల పొడవున, అంచులు గీత గీసినట్లున్న నీడను ఏ గుడ్డా దాచలేదు. జమ్ము పొదల ముందు కాకుండా పొదల లోపలికి మాటును జరిపితే నీడ పొదల్లోనే కలిసిపోతుంది. స్టూలు మానేసి నేల మీద చాప వేసుకుని కూర్చుంటే ఎత్తును మూడున్నర అడుగులకు తగ్గించుకోవచ్చు. గోడలను నిట్టనిలువుగా కాకుండా అడుగున బయటికి వాలేటట్లు కట్టి, మొదళ్ల దగ్గర గడ్డి పోగులను పావడాలాగా పరిస్తే మాటు ఎక్కడ ముగిసి నేల ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది.

ఇక గుడ్డ సంగతి. దాని మీద అచ్చువేసిన ఆకులు కొనేవారిని ఆకట్టుకోవడానికే అని నా అభిప్రాయం. యాభై మీటర్ల దూరం నుంచి చూస్తే ఆ చిన్న చిన్న బొమ్మలన్నీ కలిసిపోయి ఒకే ముదురు ముద్దగా కనిపిస్తాయి. అంతకంటే ముఖ్యమైనది మెరుపు. కొత్త పాలిస్టరు గుడ్డ, అందులోనూ తడిసినది, ఏటవాలు వెలుగులో నిగనిగలాడుతుంది. దీనికి వేటగాళ్ల పాత చిట్కా ఒకటుంది. మాటు పెట్టబోయే చోటి బురదనే వెల్ల వేసే సున్నమంత జారుగా కలిపి, చీపురుతో గుడ్డంతా పూసి, పూర్తిగా ఆరనిచ్చి, తర్వాత గట్టి బ్రష్షుతో దులిపేయాలి. నేతలో ఇరుక్కుపోయిన మట్టి మెరుపును చంపేస్తుంది, ఆ చోటి రంగు కూడా అబ్బుతుంది. ఆ గుడ్డను గానీ, మీరు వేసుకునే బట్టలను గానీ తెల్లదనం పెంచే పదార్థాలు కలిపిన సబ్బుపొడితో ఉతకకండి. ఆ పదార్థాలు మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి కాంతిగా బయటికి వదులుతాయి. పక్షుల కంట్లో రంగులను గుర్తించే శంకు కణాలు మనకున్నట్లు మూడు రకాలు కాదు, నాలుగు రకాలు. మనకు వెలిసిపోయినట్లు కనిపించే చొక్కా వాటికి అలాగే కనిపిస్తుందన్న భరోసా లేదు.

గుడ్డ మీద మిమ్మల్ని అసలు దాచేది జమ్మే. అడుగుకో వరస చొప్పున పురికొసను అడ్డంగా బిగించి, ప్రతి జానకూ ఒక ముడి వేసి, ఆ సందుల్లో గుప్పెడేసి జమ్మును మొదళ్లు కిందికీ కొసలు పైకీ ఉండేలా నిలువుగా దోపండి. చాలామంది కట్టలను అడ్డంగా కట్టేస్తారు. జమ్ము ఎక్కడా అడ్డంగా పెరగదు కదా. కొసలన్నీ ఒకే ఎత్తున ఉంటే అదొక దడిలా కనిపిస్తుంది కాబట్టి కొన్నిటిని జానెడు ఎక్కువగా వదలండి, కొన్నిటిని మధ్యకు విరవండి. పచ్చి జమ్ము కోసి కడితే రెండు మూడు రోజుల్లో రంగు మారుతుంది. చుట్టూ పచ్చగా ఉన్న కాలమైతే మళ్లీ మార్చాల్సిందే, అదే ఎండిన కాలమైతే ఎండుజమ్ము వారాల తరబడి అలాగే ఉంటుంది. కోసేటప్పుడు మాటు పక్కన కాకుండా దూరంగా కోయండి, లేకపోతే మీకు ఆసరాగా ఉన్న పొదే బోడిదవుతుంది. షేడ్ నెట్ బదులు పాత చేపల వల దొరికితే గడ్డి దోపడానికి అది ఇంకా బాగుంటుంది.

ఓపికపిట్ట

బురదకాళ్లు గారు చెప్పిన కప్పు, నీడల సంగతి అక్షరాలా నిజం. అయితే ఇద్దరి కష్టమూ ఒక్కటే అన్న మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. వేటగాడికి పక్షి గాలిలో ఉన్న ఆ కొద్ది క్షణాలు మోసపోతే చాలు, ఆ తర్వాత ఆయనే లేచి నిలబడతారు. ఫొటో తీసే మనకు అది దిగాలి, ముడుచుకోకుండా ఉండాలి, ఈకలు దిద్దుకోవాలి, కునుకు తీయాలి, గంట సేపు మన ముందే ఉండి మామూలుగా ప్రవర్తించాలి. అంటే మన మాటు గాలిలో ఉన్న కంటినే కాదు, పదిహేను మీటర్ల దూరంలో నీటి మట్టాన కూర్చుని తీరికగా చూసే కంటిని కూడా మోసగించాలి.

అక్కడ ముఖ్యమైనది మాటు లోపలి చీకటి. మీ వెనక గోడ షేడ్ నెట్టే కదా. పొద్దున వెనకవైపు నుంచి వెలుతురు పడితే ఆ గోడ తెరలాగా వెలుగుతుంది, మీరు చేయి కదిలిస్తే ముందు కంతలోంచి తోలుబొమ్మలాటలాగా కనిపిస్తుంది. వెనక గోడకు, పక్క గోడలకు లోపలివైపు మందపాటి నల్లగుడ్డ వేయండి. లోపల కూర్చున్నప్పుడు మీరు కూడా ముదురు రంగు బట్టలే వేసుకోండి. బయట మాటుకు గడ్డి రంగు, లోపల మనిషికి చీకటి రంగు అన్నది నేను పాటించే నియమం.

జానెడు కంత చాలా పెద్దది. లెన్సు చుట్టూ చొక్కా చేయిలాంటి గుడ్డ గొట్టం కుట్టి, దాని రెండో కొసను కంతకు కలిపి కుట్టేయండి, అప్పుడు సందే ఉండదు. చూసే కంతకు రెండు పొరల సన్నని నెట్ వేస్తే లోపలి నుంచి బయటికి కనిపిస్తుంది గానీ బయటి నుంచి లోపలికి కనిపించదు. మీ కళ్లద్దాల సందేహానికి కూడా ఇదే జవాబు. నెట్ వెనక, చీకట్లో ఉన్న అద్దం మెరవదు. కప్పు మూసేస్తే పైనుంచి పడే వెలుగు కూడా దాన్ని తాకదు. మీరు లేనప్పుడు ఆ కంతలో నల్లరంగు వేసిన డబ్బానో సీసానో లెన్సులాగా పెట్టి రండి. పక్షులకు అది అలవాటైపోతుంది, ఆ తర్వాత మీ లెన్సు కొత్తగా మొలిచిన కన్నులా కనిపించదు.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతాను. గాలి వీచినప్పుడు గుడ్డ టపటపలాడుతుందా? వదులుగా ఉన్న గుడ్డ చేసినంత చేటు తప్పు రంగు గుడ్డ కూడా చేయదు. నేను మొదటిసారి కట్టిన మాటులో ఒక మూల బెత్తెడు గుడ్డ వేలాడుతూ ఉండిపోయింది. పక్షులు ప్రతి గాలి తెరకూ తలలెత్తి ఆ మూలనే చూసేవి, నేనేమో తప్పంతా నా దగ్గులో ఉందనుకుని మూడు వారాలు గొంతు బిగబట్టుకుని కూర్చున్నాను. గుడ్డను తాడుతో డోలు చర్మంలా బిగించండి.

మాటును నిలబెట్టిన మర్నాడే లోపల కూర్చోవద్దు. మొదట దూరంగా పెట్టి, రెండు మూడు రోజులకొకసారి కొంత కొంత ముందుకు జరుపుతూ, చివరి చోటికి చేరాక కనీసం వారం రోజులు ఖాళీగా వదిలేయండి. చీకట్లో చేరడం కుదరని రోజున ఇద్దరు కలిసి వెళ్లి, ఒకరు లోపల ఉండిపోయి, రెండోవారు పక్షులకు కనిపించేలా తిరిగి వెళ్లిపోతే చాలాసార్లు ఆపద తప్పిపోయిందనే అవి అనుకుంటాయి. పక్షులు మనుషుల లెక్క పెట్టలేవన్న నమ్మకం మీద నడిచే పాత ఎత్తుగడ ఇది. కాకుల దగ్గర దీన్ని నమ్ముకోకండి గానీ బాతుల దగ్గర నాకు బాగానే పనిచేసింది.

పక్షులకు అలవాటైన ఆకారంలో దాక్కోవడమన్నది కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండులో రిచర్డ్ కేర్టన్, చెర్రీ కేర్టన్ అనే అన్నదమ్ములు 1900 ప్రాంతంలో ఎద్దు చర్మంతో బోలు ఎద్దును చేయించి, దాని లోపల నిలబడి పక్షుల ఫొటోలు తీశారు. పొలాల్లో ఎద్దును చూసి ఏ పిట్ట బెదురుతుంది? మన జమ్ము మాటు వెనక ఉన్న తర్కం కూడా అదే. కనిపించకుండా పోవడం అసాధ్యం, కనిపించినా పట్టించుకోదగినది కాదనిపించుకోవాలి.

తెప్పమాటు

ఒడ్డున కుదరకపోతే నీటి మీది మాటు గురించి కూడా ఆలోచించండి. వేటగాళ్ల ప్రపంచంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. అమెరికాలోని న్యూజెర్సీలో, బార్నెగాట్ అఖాతం ప్రాంతంలో, 1836 ప్రాంతంలో హేజెల్టన్ సీమన్ అనే పడవల నిర్మాత స్నీక్‌బాక్స్ అనే చిన్న పడవను తయారుచేశాడు. పొడవు సుమారు 12 అడుగులు, ఒక మనిషికి సరిపడేంత. పైభాగం అంతా మూసి ఉండి తాబేటి చిప్పలాగా గుండ్రంగా వాలి ఉంటుంది. దాని మీద గడ్డి పరచుకుని వేటగాడు లోపల వెల్లకిలా పడుకుంటే, నీటి మీద తేలుతున్న గడ్డి తుట్టె అనిపించేది. అందులో గమనించాల్సింది నిలువు గోడ అంటూ ఎక్కడా లేకపోవడం. బురదకాళ్లు గారు అడుగున బయటికి వాలాలని చెప్పిన గోడ, ఇక్కడ పడవ మొత్తానికీ రూపం అయింది.

రంగు వేసేటప్పుడు ఒక సూత్రం గుర్తుంచుకోండి. అబాట్ థేయర్ అనే అమెరికన్ చిత్రకారుడు 1896లో ఒక సంగతి వివరించాడు. చాలా జంతువులకు వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉంటుంది. పైనుంచి పడే వెలుగు వీపును లేత చేస్తుంది, పొట్ట నీడలో పడి ముదురవుతుంది, రెండూ సరిసమానమై శరీరం గుండ్రదనం కంటికి ఆనకుండా పోతుంది. తెప్పకు గానీ పడవకు గానీ ఒకే రంగు పూస్తే అడుగు పక్కలు నీడలో నల్లగా తేలతాయి. పైభాగానికి ముదురు, నీటికి దగ్గరగా ఉండే పక్కలకు కొంచెం లేత రంగు వేసి చూడండి. రంగు ఏదైనా మెరవని రకమే కావాలి.

నేను వాడేది నురగ పలకలతో చేసిన గుర్రపునాడా ఆకారపు తెప్ప. దాని మీద వంచిన పీవీసీ గొట్టాలు, గొట్టాల మీద గోనెపట్ట. గోనెకు మెరుపన్నదే లేదు, కాబట్టి ఒడ్డున దానికి మించినది లేదు. నీటి మీద మాత్రం అది అంచుల నుంచి నీళ్లు పీల్చుకుని బరువెక్కి, నల్లబడి, ముందుకు వేలాడుతుంది. అందుకని నీటికి జానెడు ఎత్తులోనే గోనెను ఆపేసి, ఆ కింద జమ్ము వేలాడదీస్తాను.

ఇలాంటి తెప్పను ముందుకు తోసుకుంటూ దాని వెనక నీటిలో నడిచేవాళ్లకు ఒక హెచ్చరిక. నడుము దాటిన లోతులోకి వెళ్లకండి. ప్రతి అడుగుకూ ముందు కర్రతో అడుగు బురదను పొడిచి చూడండి. ఛాతీ దాకా వచ్చే రబ్బరు వేడర్లు (నీళ్లు చొరని, బూట్లతో కలిసిన తొడుగు) వేసుకుంటే నడుముకు బెల్టు తప్పక బిగించండి. పడినప్పుడు నీళ్లు లోపలికి జొరబడటాన్ని అది చాలావరకు ఆపుతుంది. కెమెరా కంతలోంచి చూస్తూ నడిచే మనిషికి తన కాళ్ల కింద ఏముందో తెలియదు. ఒంటరిగా మాత్రం అసలు వెళ్లవద్దు.

రెల్లుదుబ్బు

అందరికీ కృతజ్ఞతలు. బురదకాళ్లు గారి మాట మీద, ఫోనును పన్నెండడుగుల బొంగు చివర కట్టి, టైమరు పెట్టి, మాటు మీదుగా పైకెత్తి ఫొటోలు తీశాను. చూసి సిగ్గుపడ్డాను. నల్లటి దీర్ఘచతురస్రం ఉంది, అది ఊహించినదే. దాని నడుమ నీలిరంగు ప్లాస్టిక్ స్టూలు, పక్కన మెరిసే స్టీలు ఫ్లాస్కు కూడా ఉన్నాయి. వీటన్నిటినీ మించినది మరొకటి కనిపించింది. నేను రోజూ నడిచి వెళ్లే దారిలో జమ్మంతా తొక్కుడు పడి, గట్టు మీద నుంచి నా మాటు దాకా సూటిగా బాణం గుర్తు వేసినట్లుంది. కింద నుంచి చూసినప్పుడు ఆ దారి ఒక్కసారి కూడా నా కంటపడలేదు.

ఇప్పుడు మాటును పొదల్లోకి ఆరడుగులు జరిపాను. ఎత్తు మూడున్నర అడుగులకు తగ్గించాను, కప్పు వేశాను, వెనక నల్లగుడ్డ కట్టాను, కంత స్థానంలో గుడ్డ గొట్టం కుట్టాను, గుడ్డకు బురద పూసి దులిపాను. నడిచే దారిని నీటి అంచు వెంబడి వంకరగా మార్చుకున్నాను. తొమ్మిది రోజులు ఖాళీగా వదిలి పదో రోజు వెళ్లాను. మొట్టమొదటిసారి గుంపు బెదరలేదు, దిగింది కూడా. అయితే నలభై మీటర్ల అవతల దిగింది, అన్నీ నాకు తోకలు చూపిస్తూ దిగాయి. ఆ రోజు గాలి నీటి మీద నుంచి నా ముఖం మీదికి వీస్తోంది. దీనికీ దానికీ ఏమైనా సంబంధం ఉందా?

బురదకాళ్లు

సంబంధం అంతా అక్కడే ఉందండీ. మొదటి జవాబులో గాలి దిక్కు అడగకపోవడం నా పొరపాటు. బాతు ఎప్పుడూ గాలికి ఎదురుగానే దిగుతుంది, దిగాక కూడా గాలికి ముఖం పెట్టే కూర్చుంటుంది. గాలి మీ ముఖం మీదికి వీస్తుంటే అవి మీ వెనక నుంచి, మీ నెత్తి మీదుగా వచ్చి, మీకు దూరంగా పోతూ దిగాలి. అంటే ముందు మీ మాటు కప్పును తనిఖీ చేయాలి, తర్వాత తోకలు చూపించాలి. మీ ఏడు విఫల యాత్రల్లోనూ మూడో చుట్టు సరిగ్గా మాటు మీదుగానే ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

గాలి మీ వీపు మీద ఉంటే అవి మీ ముఖం కేసి దిగుతాయి. చాలామంది ఇదే మేలంటారు. నాకు మాత్రం నచ్చదు, ఎందుకంటే దిగేటప్పుడు ప్రతి పక్షీ నేరుగా మాటునే చూస్తూ వస్తుంది. గాలి ఒక భుజం మీద నుంచి రెండో భుజం మీదికి అడ్డంగా వీచే చోటు ఎంచుకుంటే, వాటి దారి మీ ముందు నుంచి పక్కకు సాగుతుంది, అవి దిగబోయే నీటి మీదే వాటి ధ్యాస ఉంటుంది, మీకు రెక్కల కింది భాగం కూడా దొరుకుతుంది. సూర్యుడు మాత్రం మీ వెనకే ఉండాలి. అప్పుడు పక్షుల మీద వెలుగు పడుతుంది, మాటు ముందుభాగం నీడలో ఉంటుంది. సూర్యుడు, గాలి రెండూ ఒకేసారి కలిసిరాని రోజున నేను గాలికే ఓటేస్తాను. మీరు ఫొటో తీసేవారు కాబట్టి మీ లెక్క వేరుగా ఉండవచ్చు. రెండు చోట్ల రెండు మాటులు కట్టుకుని, ఆ పొద్దుటి గాలిని బట్టి ఒకదాన్ని ఎంచుకోవడం అన్నిటికంటే సుఖం.

దూరం తగ్గించడానికి బొమ్మ బాతులు వాడి చూడండి. మన పాత తెలుగులో వేటగాళ్లు ఎరగా చూపే మృగాన్ని, పక్షిని దీమం అనేవారు, ఆ మాట ఇక్కడ చక్కగా సరిపోతుంది. బతికున్న బాతులను దీమాలుగా కట్టడాన్ని అమెరికాలో 1935లో నిషేధించారు. బొమ్మలతో ఆ తంటా లేదు, వాటి చరిత్ర కూడా చాలా పాతది. నెవాడాలోని లవ్‌లాక్ గుహలో 1924లో తుంగలాంటి నీటి గడ్డితో అల్లిన 11 బొమ్మ బాతులు బయటపడ్డాయి, వాటి వయసు సుమారు రెండు వేల ఏళ్లు. మీరు కూడా తుంగ కట్టలతోనే చేసుకోవచ్చు, నురగ ముక్కలకు మెరవని రంగు వేసినా చాలు. ఐదారు బొమ్మలను రెండు జట్లుగా విడదీసి, నడుమ ఏడెనిమిది మీటర్ల ఖాళీ నీటిని వదిలి, ఆ ఖాళీ సరిగ్గా మీ లెన్సు ముందుండేలా సర్దండి. దిగే గుంపు ఆ ఖాళీని వెతుక్కుంటుంది. బొమ్మలన్నిటినీ మాటుకు అతి దగ్గరగా కుప్పపోయకండి, బొమ్మలను చూసే కన్ను వెంటనే మాటును కూడా చూస్తుంది.

గట్టుకాపు

ఇంతసేపటి చర్చలో ఒక్క సలహాను మాత్రం సవరించాల్సి ఉంది. బురదకాళ్లు గారు చేపల వల వాడమన్నారు. నైలాను వల కుళ్లదు. గాలికి తెగి నీటిలో పడిన ముక్క ఏళ్ల తరబడి అలాగే ఉండి, పక్షుల కాళ్లకు, ముక్కులకు, తాబేళ్ల మెడలకు చుట్టుకుంటుంది. కాలికి వల చుట్టుకుని ఈదలేక జమ్ములో చిక్కుకున్న నీటికోడిని నా చేతులతో విడిపించాను. దారం చర్మంలోకి దిగిపోయి ఉంది, ఆ కాలు మళ్లీ నిలవలేదు. పురికొస, జనపనార, గోనె మాత్రమే వాడండి. జిప్ టైలు కత్తిరిస్తే తెగిన ముక్కలను కూడా లెక్కపెట్టి వెనక్కి తెచ్చుకోండి.

మాటు ఎంత బాగా కుదిరినా గూళ్లు పెట్టే కాలంలో జమ్ములోకి వెళ్లకండి. జమ్ము కోయడానికి, మాటు కట్టడానికి ఆ స్థలం ఎవరి అధీనంలో ఉంటే వారి అనుమతి తీసుకోండి. పక్షులు నీటి మీద ఉండగా మాటులోంచి బయటికి రావద్దు. ఒక్కసారి మనిషి బయటపడటం చూశాయంటే ఆ మాటు వాటికి ఇక పొద కాదు. చీకటి పడేదాకానో, అవి తమంతట తాము వెళ్లేదాకానో ఆగండి. భారతదేశం నుంచి చదువుతున్నవారికి మరో మాట. అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి బాతుల వేట నేరం. కాబట్టి పైన చెప్పిన వేట పనితనమంతా అక్కడ కెమెరాకే పనికొస్తుంది.

బురదకాళ్లు

గట్టుకాపు గారి మాట నిజం. వల గురించి నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. పురికొసతోనే జానెడు గళ్ల వల అల్లుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది, అంతే.

రెల్లుదుబ్బు

నిన్న పొద్దున గాలి ఎడమ భుజం మీద నుంచి వీచింది. తుంగతో చేసిన ఐదు బొమ్మలతో, కొత్త చోట కూర్చున్నాను. పదకొండు బాతులు దిగాయి. వాటిలో సూదితోక బాతుల జంట ఒకటి బొమ్మల నడుమ ఖాళీలోకి ఈదుకుంటూ వచ్చి, పద్దెనిమిది మీటర్ల దూరంలో ఆగి, మగపక్షి రెక్క చాపి ఒక్కొక్క ఈకనే ముక్కుతో లాగి దిద్దుకోవడం మొదలుపెట్టింది. మొదటి రెండు నిమిషాలు మాత్రం నాకు ఏమీ కనిపించలేదు. ముఖానికి కట్టుకున్న గుడ్డ వల్ల ఊపిరి పైకి తన్ని కళ్లద్దాలు మొత్తం ఆవిరి పట్టాయి, తుడుచుకోవడానికి చేయి ఎత్తే ధైర్యం లేకపోయింది. దీనికేమైనా ఉపాయం ఉందా?

ఓపికపిట్ట

ముక్కు దూలం మీద గుడ్డ లోపల సన్నని రాగి తీగ కుట్టి, ముక్కుకు అతుక్కునేలా వంచుకోండి. ఊపిరి కిందికి మళ్లుతుంది. చీకటి మాటులో అసలు ముఖానికి గుడ్డ అక్కర్లేదు, నల్లగుడ్డ కట్టాక నేనైతే మానేశాను.